పని ఉన్నా మిస్కీనే

రమజాన్ దగ్గరపడితే చాలు, మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మౌల్వీసాబ్, మా పక్కింటాయనకు సొంత ఆటో ఉంది, రోజూ నడుపుతాడు. అయినా ఇల్లు గడవటం లేదు. ఆయనకు జకాత్ ఇవ్వవచ్చా?"

దివ్యఖుర్ఆన్‌లోని సూరె కహఫ్ 79వ ఆయత్ చూడండి. హజ్రత్ ఖిజర్ (అలైహిస్సలాం) లోపం కలిగించిన ఆ పడవ ఎవరిది? సముద్రంలో కష్టపడి పనిచేసుకునేవారిది. వారికి పని ఉంది, చేతిలో పడవా ఉంది (అది అద్దె పడవ అన్న ఉలమాలు కూడా ఉన్నారు). అయినా అల్లాహ్ వారిని 'మసాకీన్' అన్నాడు. జకాత్ హక్కుదారులను తెలిపే సూరె తౌబా 60వ ఆయత్‌లో ఉన్నదీ ఈ మాటే.

చేయి చాపి తిరిగేవాడు కాదు, చాలినంత లేకున్నా ఎవరికీ తెలియనివ్వక, ఎవరినీ అడగనివాడే అసలైన మిస్కీన్ అన్న ప్రవక్త (సఅసం) బోధన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

హనఫీ ఫిఖహ్ ప్రకారం ఉండే ఇల్లు, పనిముట్లు, బతుకుతెరువు బండి నిసాబ్ లెక్కలోకి రావు. అవసరాలు, అప్పులు పోగా సుమారు 612 గ్రాముల వెండి విలువ కూడా మిగలనివారు, నెలజీతం ఉన్నా సరే, జకాత్ తీసుకోవచ్చు. అది జకాత్ అని వారికి చెప్పనక్కరలేదు. నియ్యత్ మనసులో ఉంటే ఈదీ అని ఇచ్చినా నెరవేరుతుంది.

అయితే మన ఇంట్లో, దుకాణంలో పనిచేసేవారి జీతంలో కోత పెట్టి, ఆ లోటు జకాత్‌తో పూడుస్తామంటే కుదరదు. జీతం వారి హక్కు. దాని కింద లెక్కగట్టిన సొమ్ము జకాత్‌గా చెల్లదు, మళ్లీ ఇవ్వవలసిందే.