గాలే కదా అనుకోవద్దు

మా కేతేపల్లి దగ్గరనే మూసీ ప్రాజెక్టు ఉన్నది. అయినా కాలువ పారని చెలకలకు బావి, బోరే దిక్కు. మన నేలలో కొంత లోతు పోగానే గ్రానైటు రాయి తగులుతుంది. గడ్డపారకు లొంగని ఆ రాతికి బొక్కలు వేసేది ట్రాక్టరుకు బిగించిన కంప్రెషరు, అనగా ఒట్టి గాలి. బోరు లారీలో రాతిని కొట్టే సుత్తి సైతం గాలితో నడిచేదే.

1662లో బాయిల్ చెప్పిన సూత్రం మనం ఇంటర్మీడియెట్‌లో చదివినదే. ఉష్ణోగ్రత మారనప్పుడు ఎనిమిది లీటర్ల గాలిని ఒక్క లీటరులో ఇరికిస్తే పీడనం ఎనిమిది రెట్లవుతుంది. అప్పుడు మీటరులో చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు కనబడుతుంది. జాక్‌హామర్‌లో ఈ గాలి పిస్టన్‌ను ముందుకు వెనుకకు తోస్తుంది. పిస్టన్ రాడ్డును కొడుతుంది, దెబ్బ దెబ్బకు రాడ్డు కొంచెం తిరుగుతుంది.

25 మిల్లీమీటర్ల గొట్టం చివర ఈ గాలి నెట్టే బలం దాదాపు 34 కిలోలు. బిగింపు ఊడితే గొట్టం పాములా లేచి కొడుతుంది. కనుక ప్రతి అతుకు వద్ద క్లిప్పుతోబాటు గొలుసు కూడా ఉండవలె. గొట్టం విప్పేముందు వాల్వు మూసి, లోపలి గాలి వదలవలె. బట్టల మీది దుమ్మును ఈ గాలితో ఊదుకోరాదు, కండ్లు పోగలవు.

పని బాగా సాగాలన్నా కొన్ని పద్ధతులున్నాయి. ట్యాంకు అడుగున చేరిన నీటిని రోజూ వదలాలి, సుత్తికి నూనె అందాలి. మొద్దుబారిన బిట్టుతో పని సాగదు, పైగా మెత్తని దుమ్ము ఎక్కువవుతుంది. మనిషి బలమంతా పెట్టి అదిమితే రాడ్డు ఇరుక్కుంటుంది. పాత తూటా బొక్కలో మళ్లీ రాడ్డు పెట్టరాదు, పేలని మందు అడుగున మిగిలి ఉండవచ్చు. ట్రాక్టరు పొగ బావిలోకి దిగకుండా బండిని గాలివాలు చూసి నిలపవలె.

అన్నిటికన్నా పెద్ద శత్రువు దుమ్ము. గ్రానైటులోని సిలికా రేణువులు కంటికి కనబడనంత సన్ననివి. ముఖానికి చుట్టిన తువ్వాల వాటిని ఆపలేదు. అవి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే జబ్బు సిలికోసిస్. దానిని నయం చేసే మందు లేదు. 1890లలో అమెరికాలో జార్జ్ లేనర్ రాడ్డు నడిమి బొక్క గుండా గాలి పంపి దుమ్మును బయటికి ఊదే డ్రిల్లు తయారుచేశాడు. ఆ దుమ్ము భరించలేక కార్మికులు దానిని పట్టమన్నారు. అప్పుడాయన గాలితోబాటు నీరు కూడా పంపేట్టు మార్చాడు. దుమ్ము బురదై కిందికి జారింది.

బావి తవ్వేది నీళ్ల కోసమే. తవ్వేవాని ఊపిరి కాపాడేదీ ఆ నీళ్లే. ఒక్క డ్రమ్ము నీళ్లకు, సరైన మాస్కుకు అయ్యే ఖర్చు తవ్వించే రైతు భరించదగినదే. గజానికింత అని బేరమాడేనాడే ఈ మాట కూడా మాట్లాడుకోవాలి. మనలో చాలామందిమి అటువంటి బావుల నీటితో పండిన తిండి తిన్నవాళ్లమే. సెలవులకు ఊరికి పోయినప్పుడు పొడి దుమ్ము లేస్తున్న బావి కనబడితే, మిత్రులారా, మన సైన్సు చదువును అక్కడ నోరు విప్పి చెప్పుదాం.