మంచం ఎక్కడ వేయాలి?

రంగస్థలం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాస్టారూ! కాలేజీ వార్షికోత్సవానికి 'కన్యాశుల్కం' నుంచి గంటసేపు ఆడుతున్నాం. బొంకుల దిబ్బ, మధురవాణి ఇల్లు, కృష్ణరాయపురం అగ్రహారం... మూడింటికీ మూడు ఫ్లెక్సీలు వేయిద్దామనుకుంటున్నాం. స్టేజీ 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు. హాల్లో మెట్లు లేవు, కుర్చీలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మీ సలహా?
- డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఫ్లెక్సీల డబ్బు దాచుకోండమ్మా. లైటు పడగానే ఫ్లెక్సీ మెరుస్తుంది, గిరీశం నీడ వెళ్లి అగ్రహారం ఇంటికప్పు మీద కూర్చుంటుంది. సురభి వాళ్ల తెరలు చూసి ఆశపడ్డారేమో! 1885లో కడప జిల్లాలో మొదలైన సమాజం అది. గుడ్డ మీద రంగులతో వేసిన ఆ తెరల్ని చిటికెలో ఎత్తి దించే పనితనం వాళ్లకు తరాలుగా వచ్చింది. మీకు వెనక ముదురురంగు గుడ్డతెర ఒక్కటి చాలు. గోడమీది స్విచ్చిబోర్డులూ, దాతల పేర్ల పలకలూ దాని చాటుకు పోతాయి.

1892లో మీ ఊళ్లోనే తొలిసారి ఆడిన నాటకమిది. బొంకుల దిబ్బ బొమ్మ మీ ప్రేక్షకులకు అక్కర్లేదు. ఆ రంగాన్ని ముందుతెర వేసే ఉంచి, దాని ముందు ఆడేయండి. ఆలోగా తెరవెనక చప్పుడు చేయకుండా మధురవాణి ఇల్లు సర్దుకోవచ్చు.

ఆ ఇంట్లో అసలు వస్తువు మంచం. రామప్పంతులు ముందే దాని కింద దూరి ఉంటాడు, పూటకూళ్లమ్మ రాగానే గిరీశమూ అక్కడికే చేరతాడు. నవ్వంతా మంచం కిందే ఉంది. మీ హాల్లోనేమో నేలబారున జరిగేదేదీ వెనక వరసలవాళ్లకు కనిపించదు, ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. అందుకని అడుగున్నర ఎత్తు చెక్కవేదిక వేసి మంచాన్ని దానిమీద పెట్టండి. క్లాసురూము బల్లలు జతచేసి సరిపెట్టొద్దు, ఆ తోపులాటలో సందు విడి కాలు ఇరుక్కుంటుంది. మంచం కోళ్లు పొట్టివైతే కింద దిమ్మలు పెట్టి మేకులు కొట్టించండి. దుప్పటి వెనకవైపు ఎంత వేలాడినా ఫరవాలేదు, ప్రేక్షకుల వైపు మాత్రం పైకి మడవాలి. దాక్కున్నవాళ్లు పూటకూళ్లమ్మకు కనపడకూడదు గానీ మనకు కనపడాలి కదా!

మంచాన్ని నట్టనడుమ వేయకండి. ఒక పక్కకు జరిపి, కాస్త ఏటవాలుగా వేస్తే కింద ఉన్న ఇద్దరి మొహాలూ విడివిడిగా తెలుస్తాయి. వీధి గుమ్మం రెండో పక్క ఉండాలి. పూటకూళ్లమ్మ చీపురుతో స్టేజీ అంతా దాటి రావాలి. ఆ నడకంతసేపూ జనం ఊపిరి బిగబడతారు. గుమ్మం మంచం పక్కనే పెడితే ఆవిడ రావడమూ, కొట్టడమూ ఒకేసారి అయిపోయి దెబ్బ రామప్పంతులుకు తగిలిందన్న సంగతే సగంమందికి అందదు. గుమ్మానికి చట్రం చాలు, తలుపు వద్దు. తలుపు వేసినప్పుడల్లా చట్రమంతా ఊగుతుంది. తలుపు కొట్టే చప్పుడు వింగులోంచి ఇవ్వండి.

అగ్రహారానికి కొత్త సెట్టెందుకు? మంచం తీసేస్తే ఆ వేదికే అరుగు. ఒక చాప, ఒక చెంబు పెట్టండి.

రిహార్సల్ గదిలో రేపే 24, 16 అడుగులు కొలిచి సుద్దతో గీయండి. మంచం, గుమ్మం, అరుగు అన్నీ ఆ గీతల్లోనే ఉండాలి. లేకపోతే నాటకం రోజున స్టేజీ మీద మొదటిసారి మంచం చూసిన నటుడు మోకాలు కొట్టుకుంటాడు.

ప్రశ్న: మేం క్యాంటీన్ ముందు చెట్టుకింద వీధినాటకం వేస్తున్నాం. చుట్టూ జనం ఉంటారు. సెట్టు ఎలా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: కుర్చీ ఎత్తుకు మించినదేదీ పెట్టకు బాబూ, ఏదో ఒక పక్కవాళ్లకు అడ్డొస్తుంది. జనం మధ్యనుంచి రెండు దారులు తాడుకట్టి ఖాళీగా ఉంచండి, లేకపోతే మీ పోలీసు పాత్ర గుంపును తోసుకుని వచ్చేసరికి దొంగ పారిపోయి ఉంటాడు. సాయంత్రమైతే సూర్యుడు ఎటు దిగుతాడో ముందురోజు అదే వేళకు వెళ్లి చూసుకోండి.