ఇంకా ఎంతసేపు?

లాల్ దర్వాజ,
హైదరాబాద్.

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

దవాఖాన డేటాబేస్ ఇక నీ చేతి కిందికి వచ్చిందని, అదీ మన పాతబస్తీలోనే అని విని చాలా సంతోషపడ్డాను. మీ అమ్మ అప్పుడే గల్లీ అంతా చెప్పుకొచ్చింది. అయితే ఫోన్‌లో నువ్వన్న మాట ఒకటి నా మనసులో ఉండిపోయింది. "రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ అయిపోతుంది పెద్దనాయనా, దాని గురించి ఫికర్ లేదు" అన్నావు. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది.

రాత్రి రెండింటికి బ్యాకప్ అయింది, సరే. పొద్దున తొమ్మిదింటికి ఓపీ చిట్టీల కోసం జనం మెట్ల దాకా లైన్ కట్టి ఉండగా డేటాబేస్ పడిపోయిందనుకో. మళ్లీ ఎన్నింటికి లేస్తుంది? సూపరింటెండెంట్ వచ్చి అడిగితే నువ్వు గడియారం చూసి ఒక టైం చెప్పగలగాలి. "ట్రై చేస్తున్నాం సార్" అంటే ఆయన ఆ మాట పట్టుకుని వెళ్లి ఎవరికి ఏం చెప్పగలడు?

నేను పనిచేసిన బ్యాంకులో ఒకసారి రంజాన్ పండగ దగ్గర పడ్డ రోజుల్లో సర్వర్ డిస్కులు పోయాయి. టేపు మీద బ్యాకప్ ఉంది. చక్కగా చదివింది. ఒక్క రికార్డు కూడా పోలేదు. ఆ మాట చెప్పుకుని పైవాళ్లు తర్వాత సంతోషించారు కూడా. కానీ రాత్రి మొదలుపెట్టిన రీస్టోర్ మర్నాడు జొహర్ నమాజు వేళ దాటినా నడుస్తూనే ఉంది. డేటా ఎక్కడం తెల్లవారుజాముకే అయిపోయింది. ఆ తర్వాత అది ఇండెక్సులు ఒక్కొక్కటే కట్టుకుంటూ కూర్చుంది. పండగకు బట్టలు కొనాలి, సేవయ్యలు కొనాలి, ఫిత్రా ఇవ్వాలి. జనమంతా డబ్బుల కోసం వచ్చి నిలబడ్డారు. కౌంటర్ ముందు ఒక ముసలమ్మ, పాస్‌బుక్కుకు పాలపాకెట్ కవర్ చుట్టి, దానికి రబ్బరు బ్యాండు వేసి పట్టుకుని, కోపం లేకుండా మళ్లీ మళ్లీ ఒకటే అడిగింది: "బేటా, ఔర్ కిత్నీ దేర్?" ఇంకా ఎంతసేపని. జవాబు చెప్పగలిగినవాడు ఆ బిల్డింగులో ఒక్కడూ లేడు, ఎందుకంటే ఆ టేపును మొదటి నుంచి చివరి దాకా ఎక్కించి చూడమని అక్కడ ఎవరికీ ఎన్నడూ పురమాయించలేదు.

మేనేజర్ తెలివైన మనిషి. రోజూ సాయంత్రం ప్రింటు తీసి స్ట్రాంగ్‌రూములో పెట్టే బ్యాలెన్సుల లిస్టు తెప్పించి, దాన్ని చూసి చిన్న చిన్న మొత్తాలు ఇప్పించాడు. ఇచ్చిన ప్రతి రూపాయీ రిజిస్టర్‌లో రాయించి, సంతకమో వేలిముద్రో తీసుకున్నాడు. బిడ్డా, ఆ కాగితపు లిస్టు సంగతి గుర్తు పెట్టుకో, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మీది పోస్ట్‌గ్రెస్ అన్నావు, 800 జీబీ దాకా ఉందన్నావు, రాత్రి తీసేది పీజీ డంప్ అన్నావు. అక్కడే నాకు భయం. డంప్ అంటే పట్టికలు ఎలా కట్టాలో, వాటిలో ఏ వరసలు నింపాలో రాసిపెట్టుకున్న ఫైలు. రీస్టోర్ చేసేటప్పుడు పట్టికలు కొత్తగా కట్టాలి, వరసలు నింపాలి, ఆపైన ఇండెక్సులు, ఫారిన్ కీలు మళ్లీ మొదటి నుంచి. మీ ల్యాబ్ రిపోర్టుల పట్టిక ఒక్కదానికే పేషెంటు నంబరు మీద, తేదీ మీద, టెస్టు మీద ఇండెక్సులు ఉంటాయి కదా, అన్నేళ్ల రిపోర్టులను మూడుసార్లు వరస పెట్టాలి. పీజీ రీస్టోర్‌కు జె ఆప్షన్ ఇచ్చి ప్రాసెసర్ కోర్లన్నిటికీ పని పంచు. ఆ పూటకు మెయింటెనెన్స్ వర్క్ మెమ్ పెంచు. ఈ రెండిటితోనే చాలా టైం కలిసొస్తుంది. డంప్ కస్టమ్ ఫార్మాట్‌లోనో డైరెక్టరీ ఫార్మాట్‌లోనో ఉంటేనే ఆ జె పనిచేస్తుంది. ఉట్టి ఎస్‌క్యూఎల్ ఫైలుగా తీస్తుంటే ఇవాళే మార్చెయ్. అంతా అయ్యాక ఎనలైజ్ నడపాలి. నడపకపోతే డేటాబేస్ లేచినట్టే లేచి, ప్రతి క్వెరీకీ కుంటుతుంది. అప్పుడు జనం "వచ్చింది గాని ముందటిలా లేదు" అంటారు.

కానీ డంప్ ఒక్కదాని మీద దవాఖానను నిలబెట్టకు. దాన్ని వెర్షన్ మార్చడానికో, ఎవరో చెరిపేసిన ఒక్క పట్టిక వెనక్కి తేవడానికో ఉంచుకో. మొత్తం కూలిన రోజున నిన్ను కాపాడేది ఫైళ్లను ఉన్నవున్నట్టు కాపీ చేసే బేస్ బ్యాకప్, దానితోపాటు జరిగిన ప్రతి మార్పూ వరసగా ఎక్కే, ఎప్పటికప్పుడు పక్కకు పంపుతుండే వాల్ ఫైళ్లు. ఇండెక్సులు కట్టిపెట్టినవే వస్తాయి, మళ్లీ కట్టే పని లేదు.

షాద్‌నగర్ దగ్గర మన తాతల భూమికి తగాదా వచ్చినప్పుడు తహసీల్దార్ ఆఫీసులో ఏం చేశారో మీ నాన్న చెప్పే ఉంటాడు. 1954-55 ఖాస్రా పహాణీ ముందు పెట్టుకుని, ఆ తర్వాత విరాసత్ ఎప్పుడైంది, అమ్మకం ఎప్పుడైంది, ఏ ఏడు ఎవరి పేరు ఎక్కింది అని వరసగా చూసుకుంటూ ఇప్పటి దాకా వచ్చారు. మధ్యలో ఒక కాగితం దొరకనిచోట ఆగిపోయారు. బేస్ బ్యాకప్ మీద వాల్ నడిచేది అచ్చం అట్లాగే. మామూలుగా 16 ఎంబీ చొప్పున ఉండే ఆ ఫైళ్లలో ఒక్కటి తప్పినా దాని తర్వాతివి ఎన్ని ఉన్నా పనికిరావు. అన్నీ ఉంటే మాత్రం నీ ఇష్టం, ఏ నిమిషం కావాలంటే ఆ నిమిషం దగ్గర ఆపుకోవచ్చు. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు ఎవరో వేర్ క్లాజు మరిచి డిలీట్ కొట్టారనుకో, రికవరీ టార్గెట్ టైం నలభై ఒకటి అని ఇస్తావు.

ఇక్కడ ఇంకో సంగతి. వాల్‌ను తిరిగి నడిపేది ఒకే ప్రాసెస్. బేస్ బ్యాకప్ ఆదివారం తీసి, సర్వర్ శనివారం కూలితే, ఆరు రోజుల మార్పులూ అది ఒక్కటే కూర్చుని నడపాలి. తొందరగా లేవాలంటే బేస్ బ్యాకప్ దగ్గర దగ్గరగా తీయడమే మంచి దారి. పోస్ట్‌గ్రెస్ 17 నుంచి మారిన బ్లాకులు మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్ వచ్చింది కాబట్టి రోజూ తీయడం ఇప్పుడు బరువు కాదు.

ఇక తీగ సంగతి చూడు. బ్యాకప్ క్లౌడ్‌లో ఉంది, మీ ఇంటర్నెట్ లైను 200 ఎంబీపీఎస్. అంటే సెకనుకు 25 ఎంబీ. 800 జీబీ దిగడానికే తొమ్మిది గంటలు, రీస్టోర్ అప్పటికింకా మొదలే కాలేదు. అదే బ్యాకప్ బిల్డింగులోనే ఇంకో మెషీన్ మీద ఉంటే ఒక గిగాబిట్ లైను మీద రెండు గంటల్లో వచ్చేస్తుంది. కంప్రెస్ చేస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక కాపీ దగ్గర, ఒక కాపీ దూరం. దగ్గరిది తొందర కోసం, దూరానిది ప్రాణం కోసం.

దూరం అంటే నిజంగా దూరం ఉండాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయిన ఊరు మనది. అది పాత మాట అనుకోకు. 2020 అక్టోబర్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ ఇళ్లు ఎట్లా మునిగాయో నువ్వు కళ్లారా చూశావు. నీ సర్వర్ సెల్లార్‌లో ఉండి, బ్యాకప్ మెషీన్ దాని పక్క ర్యాకులోనే ఉంటే, నీళ్లు రెండింట్లోకీ ఒకేసారి వస్తాయి. ముందు ఆ రెండో మెషీన్‌ను పై అంతస్తుకు ఎక్కించు.

"మాకు రెప్లికా ఉంది" అని కూడా అన్నావు. ఉండాలి. సర్వర్ కాలిపోతే నిమిషాల్లో దాని మీదికి మారిపోవచ్చు. కానీ ఇక్కడ చెరిపింది అక్కడ కూడా సెకనులో చెరిగిపోతుంది. ఇంకో రెప్లికాకు డబ్బులు దొరికితే దాన్ని కావాలనే నాలుగు గంటలు వెనక నడిపించు.

గిట్‌ల్యాబ్ కంపెనీ కథ విన్నావో లేదో. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు రెప్లికా సర్వర్‌లో డేటా ఫోల్డర్ తీసేస్తున్నాననుకుని అసలు సర్వర్‌లో తీసేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. పీజీ డంప్ ఉందిలే అనుకుంటే, సర్వర్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాం 9.2, అందుకని అది చాలాకాలంగా ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని పంపిన మెయిళ్లను అందుకునే సర్వర్ తిప్పికొట్టింది. చివరికి వాళ్లను కాపాడింది ఆరు గంటల ముందు ఒకరు ఇంకో పని కోసం తీసుకున్న స్నాప్‌షాట్. అది నెమ్మది డిస్కుల మీద ఉండడంతో కాపీ అవడానికే గంటలకు గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో జనం చేర్చింది తిరిగి రాలేదు. ఆ కంపెనీ మీద నాకు గౌరవం. ఏమీ దాచకుండా రాసి అందరి ముందు పెట్టింది, ఆ ఇంజనీరును బలిపశువును చేయలేదు. కూర్చుని అది మొత్తం చదువు.

నీ పనికి ఇంకా దగ్గరి కథ ఢిల్లీ ఎయిమ్స్‌ది. 2022 నవంబర్ 23న రాన్సమ్‌వేర్ పడి ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టీబీ డేటాకు తాళం పడిపోయింది. రిజిస్ట్రేషను, బిల్లింగు, ల్యాబు అన్నీ చేత్తో రాసే పనయింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా కొత్త సర్వర్ల మీదికి వచ్చింది. అయినా పనులు చాలావరకు మామూలవడానికి రెండు వారాలు పట్టింది. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల మీద కూడా ఇట్లాంటి దాడే జరిగింది, బ్యాకప్ ఉండబట్టే బయటపడ్డారు. దీంట్లో నువ్వు పట్టుకోవాల్సింది, బ్యాకప్ మెషీన్‌కు పాస్‌వర్డ్ వేరే ఉండాలి, అసలు సర్వర్ నుంచి అక్కడికి రాయడం కుదరాలి గాని చెరపడం కుదరకూడదు. లోపలికి వచ్చినవాడు మొదట వెతికేది బ్యాకప్‌నే.

ఇప్పుడు ఆ కాగితపు లిస్టు సంగతి. మొత్తం 800 జీబీ లేచేదాకా రోగిని నిలబెట్టాల్సిన పని లేదు. తొమ్మిదింటికి కౌంటర్‌లో కావాల్సింది ఏంటి? పేషెంటు నంబరు, పేరు, వయసు, వార్డులో ఉన్నవాళ్ల మందుల చార్టు, ఎలర్జీలు, బ్లడ్ గ్రూపు, ఈ వారం ల్యాబ్ రిపోర్టులు. ఇదంతా కలిపి కొన్ని జీబీలు దాటదు. పదేళ్ల కింది బిల్లులు సాయంత్రానికి వచ్చినా ఎవరికీ ప్రాణం మీదికి రాదు. అందుకే ఈ చిన్న ముక్కను గంటకోసారి వేరే చిన్న మెషీన్ మీదికి, చదవడానికి మాత్రమే పనికొచ్చేట్టు పంపిస్తూ ఉండు. వార్డు చార్టులు రెండు పూటలా ప్రింటు తీసి నర్సుల స్టేషన్‌లో పెట్టించు. పాతవాటిని నెలల వారీ పార్టిషన్లు చేసి పెడితే వాటిని తర్వాత నింపుకోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది నువ్వొక్కదానివే తేల్చకు. క్యాజువాల్టీ డాక్టర్‌ను, హెడ్ నర్సును, ఓపీ కౌంటర్‌లో కూర్చునే అబ్బాయిని అడుగు. వాళ్లు చెప్పే వరస నీ లెక్కకు అందదు.

చేత్తో రాసిన చిట్టీల సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. సిస్టం లేని గంటల్లో ఇచ్చే నంబర్లు వేరే సిరీస్‌లో ఉండాలి. లేకపోతే డేటాబేస్ లేచాక ఇద్దరు రోగులకు ఒకే నంబరు పడుతుంది. ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతుంది. మా బ్యాంకులో అయితే డబ్బు తేడా వచ్చేది, సరిచేసుకునేవాళ్లం.

కూలిన రోజున నీ చేతులు వణుకుతాయి, అందరి చేతులూ వణుకుతాయి. అందుకే కమాండ్లన్నీ వరసగా రాసి, ప్రింటు తీసి, సర్వర్ రూం తలుపు లోపల అతికించు. ఆ ఫైలు సర్వర్‌లోనే పెట్టుకుంటే ఆ రోజు అదీ దొరకదు. అన్నిటికంటే పైన ఇది రాయి: పాడైన డేటాబేస్ మీద దేన్నీ ఎక్కించకూడదు, పక్కన కొత్తచోట రీస్టోర్ చేయాలి. పాడైందనుకున్న దాంట్లోనే రాత్రి రెండింటి తర్వాతి డేటా ఉండొచ్చు.

వచ్చే ఆదివారం నాకు వేరే పని లేదు. మీ దగ్గర ఖాళీగా ఉందన్న ఆ పాత సర్వర్ మీద మొత్తం రీస్టోర్ ఒకసారి చేద్దాం. నువ్వు కీబోర్డు ముందు కూర్చో, నేను పక్కన కూర్చుని ఏ మెట్టుకు ఎంతసేపు పట్టిందో రాస్తాను. కాపీకి ఎంత, ఇండెక్సులకు ఎంత, వాల్‌కు ఎంత, అప్లికేషన్ లేచి ఒక పేషెంటు పేరు తెర మీదికి రావడానికి ఎంత. ఆ కాగితం సోమవారం సూపరింటెండెంట్ చేతిలో పెట్టు. టైం ఎక్కువ వస్తే సిగ్గుపడకు, డిస్కులకు డబ్బులు అడగడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు. మూడు నెలలకోసారి మళ్లీ చెయ్యి. డేటా పెరుగుతూనే ఉంటుంది, ఆ టైం కూడా పెరుగుతుంది.

ఆదివారం లోపల రెండు పనులు చూసుకో. ఆ పాత సర్వర్‌లో 1.6 టీబీ ఖాళీ ఉందో లేదో చూడు, పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ అదేనో కాదో చూడు, తేడా ఉంటే బేస్ బ్యాకప్ లేవదు. ఇక రోగుల డేటాను ఇంకో మెషీన్ మీద పెడుతున్నాం, నేను బయటి మనిషిని. కాబట్టి నేను రావడానికి, టెస్టు అయ్యాక ఆ డేటా తుడిచేస్తామనడానికి పైవాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో. అది రాకపోతే నేను బయట క్యాంటీన్‌లో కూర్చుంటాను, నువ్వు టైములు చెబుతుంటే రాసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దనాయన