స్టాక్‌హోమ్‌లో కాలు మోపే ముందు

స్టాక్‌హోమ్ అనగానే మనవాళ్లు మొదట భయపడేది చలికి. సరైన బట్టలుంటే చలితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మన అలవాట్లతోనే. రోడ్డు దాటేటప్పుడు మెడ కుడివైపే తిరుగుతుంది, జేబులో నోట్లుంటేనే ధైర్యంగా ఉంటుంది, పిల్లాడు మారాం చేస్తే చెయ్యి లేస్తుంది. ఈ మూడూ అక్కడ చిక్కులు తెచ్చేవే. ఎరిక్సన్ కంపెనీ ఉన్న కిస్టా ప్రాంతానికి ఉద్యోగం మీద వెళ్లే మన కుర్రాళ్లూ, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలూ ఇవి ముందే తెలుసుకుని బయలుదేరితే మంచిది.

బయలుదేరే ముందు

వీసాకు కావాలి కాబట్టి ప్రయాణ బీమా ఎలాగూ తీసుకుంటారు. స్వీడన్ చూడటానికి వెళ్లేవాళ్లకు ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే పాలసీ ఉండాలి. కాగితం తీసుకుని ఊరుకోకండి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదవండి. పెద్దవాళ్ల విషయంలో అసలు మెలిక అక్కడే ఉంటుంది. ఉండబోయే అన్ని రోజులకీ సరిపడా మందులు, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోండి. మన మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే యాంటీబయాటిక్ అక్కడ చీటీ లేనిదే ఇవ్వరు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, అల్ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలు అక్కడ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, వెంట ఎన్ని తీసుకెళ్లొచ్చన్న దానికి పరిమితి ఉంది. పక్కింటివాళ్లు "మా అబ్బాయికి ఇవ్వండి" అని మందుల పొట్లం చేతిలో పెడితే మొహమాటపడకుండా వద్దనండి.

తిండి సామాను సర్దేటప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. ఆవకాయ, కందిపొడి, చింతపండు నిక్షేపంగా తీసుకెళ్లండి. నెయ్యి డబ్బా, పనీర్, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటినుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. పచ్చి కరివేపాకు, బంగినపల్లి మామిడిపళ్లు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. దాని వెంట పడి తిరగడం కన్నా వదిలేయడం నయం. నెయ్యి అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది.

డబ్బు

ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్నాయి కదా అనుకోకండి. అక్కడివాళ్లు వాడే స్విష్ యాప్‌కు స్వీడన్ బ్యాంకు ఖాతా కావాలి. నోట్లు తీసుకోం అని బోర్డు పెట్టిన కాఫీ షాపులు, మ్యూజియాలు బోలెడు. స్టేషన్‌లో మరుగుదొడ్డికి కూడా కార్డే గీకాలి. మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. ఇంటి దగ్గరే బ్యాంకు యాప్‌లో వాటిని ఆన్ చేసుకోండి. రెండు కార్డులు తీసుకెళ్లి వేర్వేరు చోట్ల పెట్టుకోండి. యంత్రం "రూపాయల్లోనా, క్రోనాల్లోనా" అని అడిగితే స్వీడన్ కరెన్సీ అయిన క్రోనాలే నొక్కండి, రూపాయలంటే మారకం రేటులో మీకే నష్టం.

గతంలో వెళ్లొచ్చిన బంధువులెవరైనా మిగిలిన క్రోనాలు ఇస్తే ఒకసారి పరీక్షగా చూడండి. పాత నోట్లు 2016, 2017లలో చెల్లకుండా పోయాయి. ఇరవై నోటు మీద పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ బొమ్మ ఉంటే అది చెల్లుతుంది.

దిగిన రోజు

ఆర్లాండా విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్లు. ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ రైలు ఇరవై నిమిషాల్లోపే సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది, ధర బాగా ఎక్కువ. లోకల్ రైలెక్కితే టికెట్ మీద విమానాశ్రయ స్టేషన్ రుసుము అదనం. 583 నంబరు బస్సులో మేర్‌స్తా వెళ్లి అక్కడ లోకల్ రైలు పట్టుకుంటే మామూలు టికెట్టే సరిపోతుంది. అర్ధరాత్రి, రెండు సూట్‌కేసులతో, చలిలో అంత పొదుపు అక్కర్లేదని నా అభిప్రాయం.

టాక్సీ ఎక్కే ముందు వెనక తలుపు అద్దం మీదున్న పసుపు రంగు స్టిక్కర్ చదవండి. స్వీడన్‌లో టాక్సీ ధరలకు ప్రభుత్వ నియంత్రణ లేదు, ఎంతైనా అడగొచ్చు. కాకపోతే పది కిలోమీటర్లకు, పదిహేను నిమిషాలకు ఎంతవుతుందో ఆ స్టిక్కర్ మీద రాసి తీరాలి. అంకె పెద్దదిగా కనిపిస్తే పక్క టాక్సీ చూసుకోండి. వరసలో ముందున్నదే ఎక్కాలన్న నియమమేమీ లేదు. "టాక్సీ, టాక్సీ" అంటూ లోపలికే వచ్చి పలకరించేవాళ్ల వెంట వెళ్లకండి.

మెట్రో, బస్సు, లోకల్ రైలు అన్నింటికీ ఒకే టికెట్, 75 నిమిషాలు చెల్లుతుంది. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. అయితే ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు రాయితీ ఉంది, దాన్ని స్టాక్‌హోమ్ రవాణా సంస్థ ఎస్ఎల్ యాప్‌లో తీసుకోండి. గేటు తెరుచుకోగానే టికెట్ లేనివాడెవడో మీ వీపుకు అంటుకుని లోపలికి దూరొచ్చు. కంగారుపడకండి, సంచి మాత్రం ముందుకు లాక్కోండి. జేబుదొంగలు సెంట్రల్ స్టేషన్‌లోనూ, పాతబస్తీ గామ్లా స్తాన్ ఇరుకు సందుల్లోనూ ఎక్కువ.

రోడ్డు మీద

1967 సెప్టెంబర్ 3 దాకా స్వీడన్‌లోనూ బళ్లు మనలాగే ఎడమవైపు నడిచేవి. ఆ తెల్లవారుజామున దేశం మొత్తం కుడివైపుకు మారింది. కాబట్టి దాటేటప్పుడు ముందు ఎడమకు చూడండి. కారు ఆగుతుంది, సైకిల్ ఆగకపోవచ్చు. ఫుట్‌పాత్ పక్కనే సైకిళ్ల దారి ఉంటుంది, అందులో నిలబడి సెల్ఫీలు తీసుకోకండి. ఆఫీసుల వేళ అక్కడ సైకిళ్లు మన బైకుల వేగంతో వస్తాయి.

చలికాలంలో

డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. నల్లకోటు వేసుకుని రోడ్డు దాటే మనిషి డిమ్ లైట్లలో డ్రైవర్‌కు ఇరవై అయిదు, ముప్ఫై మీటర్ల దూరంలో గానీ కనపడడు. అదే కోటుకు ఒక రిఫ్లెక్టర్ బిళ్ల వేలాడితే 125 మీటర్ల నుంచే కనపడతాడు. వచ్చిన మొదటి రోజే ఒకటి కొనండి.

చర్మాన్ని తాకే బట్ట నూలుది కాకుండా ఉన్నిది వేసుకోండి. నూలు చెమట పట్టాక తడిగా ఉండిపోయి ఒళ్లు చల్లబరుస్తుంది. మంచి కోటును హైదరాబాద్‌లో వేలు పోసి కొనకండి. మ్యూరోర్నా, స్టాడ్స్‌మిషనెన్ లాంటి పాత బట్టల దుకాణాల్లో అక్కడి చలికి తగినవి చవగ్గా దొరుకుతాయి.

ఇక అసలు శత్రువు నేల మీది మంచుపొర. పగలు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి, దాని మీద కొత్త మంచు పల్చగా పడినప్పుడు నేల మామూలుగానే కనిపిస్తుంది. అప్పుడు తడిసిన పొలంగట్టు మీద నడిచినట్టు చిన్న అంగలు వేస్తూ, పాదం మొత్తం ఆనించి నడవండి. చేతులు జేబుల్లో పెట్టుకోకండి, పడితే ఆపుకోవడానికి అవే కదా దిక్కు. బూట్ల కింద తొడిగే ముళ్ల పట్టీలు దొరుకుతాయి, అరవై దాటినవాళ్లు అవి లేకుండా బయటికి వెళ్లొద్దు.

తలపైకీ ఓ కన్నేసి ఉంచండి. పాత భవనాల కప్పుల అంచున మంచుగడ్డలు వేలాడతాయి. పనివాళ్లు కప్పు మీది మంచు తోసేటప్పుడు కింద ఫుట్‌పాత్‌కు అడ్డంగా పట్టీ కట్టి, ఒక మనిషి ఈల వేస్తూ నిలబడతాడు. ఆ పట్టీ దాటకండి, అవతలి ఫుట్‌పాత్‌కు వెళ్లిపోండి. గడ్డకట్టిన సరస్సు మీద జనం స్కేటింగ్ చేస్తున్నారని మీరూ దిగకండి. వాళ్లు మెడలో మంచును పట్టుకుని పైకి పాకే మేకులు వేసుకుని దిగుతారు, ఎక్కడ పల్చగా ఉంటుందో వాళ్లకు తెలుసు.

వేసవిలో వెళ్తే

చీకటి సరిగా పడదు కాబట్టి కళ్లగంతలు ఉంచుకోండి. గడ్డిలో, అడవిలో, దీవుల్లో తిరిగి వచ్చాక ఒళ్లంతా, ముఖ్యంగా మోకాళ్ల వెనక, చంకల్లో గోమారుల కోసం వెతకండి. అక్కడి గోమారి మెదడువాపు వైరస్‌ను మోస్తుంది, స్టాక్‌హోమ్ తీరం దానికి పెట్టింది పేరు. ఎక్కువ రోజులుండేవాళ్లు టీకా సంగతి డాక్టర్‌ను అడగండి.

పిల్లల విషయం

పిల్లలను కొట్టడాన్ని చట్టంతో నిషేధించిన మొదటి దేశం స్వీడన్, 1979లో. మెట్రోలో మనవడి వీపు మీద ఒక్కటి వేసినా చూసినవాళ్లు పోలీసులకు ఫోన్ చేయొచ్చు, ఆ తర్వాత సంక్షేమ శాఖవాళ్లు కొడుకూ కోడలి తలుపు తడతారు. తాతయ్యలు, అమ్మమ్మలు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మరోవైపు, గడ్డకట్టే చలిలో కాఫీ షాపు బయట బండిలో పసిపిల్లాడు ఒంటరిగా నిద్రపోతూ కనిపిస్తే మీరు ఎవరినీ పిలవకండి. వాళ్లమ్మ అద్దం అవతలే ఉంటుంది, అది అక్కడి పద్ధతి.

ఆపదలో

అంబులెన్స్, పోలీస్, ఫైర్ అన్నింటికీ 112. ప్రాణం మీదికి రానిదైతే 1177కు చేస్తే నర్సు సలహా చెబుతుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. పర్సు పోతే 114 14 నంబరులో పోలీసులకు ఫిర్యాదు చేయండి. పాస్‌పోర్ట్ పోతే ఆ ఫిర్యాదు కాగితం తీసుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి, అందుకే పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు మీ ఫోన్‌లోనూ, ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌లోనూ ఉంచండి.