‘నా ఇంగ్లిష్ బాగోదు’ అనకండి

ఇంగ్లిష్ ప్రధానాంశంగా డిగ్రీ, ఎమ్మే చదివేవాళ్లలో చాలామందిని హడలెత్తించే పేపర్ ఫొనెటిక్స్, అంటే ధ్వనుల శాస్త్రం. షేక్స్‌పియర్ నాటకాన్నయినా గైడు చూసి గట్టెక్కుతారు గానీ, ధ్వనులను రాసే ఆ వింత గుర్తులు కనబడగానే నీరుగారిపోతారు. పరీక్ష ముందురోజు బట్టీపట్టి, రాసి, మర్చిపోతారు. మన మాటతీరును నేరుగా బాగుచేయగల పేపర్‌ని అలా వదిలేసుకోవడం నష్టం.

ఆ గుర్తులు ఊరికే పుట్టలేదు. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో ధ్వనులు 44. అచ్చులే 20. స్పెల్లింగ్‌ను నమ్ముకుంటే పలుకు తప్పుతుంది. అందుకే 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఫొనెటిక్ సంఘం ధ్వనికో గుర్తు చొప్పున ఒక లిపిని తయారుచేసింది. ధ్వనులను అవి పుట్టే చోటును బట్టి వరసపెట్టడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. క వర్గం గొంతు దగ్గర మొదలై ప వర్గం పెదవుల దగ్గర ముగుస్తుందని చిన్నప్పుడే నేర్చుకున్నాం. లెక్చరర్ బోర్డు మీద వేసే హల్లుల పట్టికలో ఉన్నదీ ఆ లెక్కే.

ఇప్పుడు ఒక పని చేయండి. సన్నటి కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకుని ‘పిన్’, ‘స్పిన్’ అనండి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ‘పిన్’ అంటే కాగితం రెపరెపలాడుతుంది, ‘స్పిన్’ అంటే పెద్దగా కదలదు. మనలో చాలామంది రెండింటినీ ఒకేలా, గాలి వదలకుండా పలుకుతాం. అందుకే మన ‘పిన్’ వాళ్లకు ‘బిన్’లా వినపడవచ్చు. అలాగే ఫోటోగ్రాఫ్, ఫోటోగ్రాఫర్, ఫోటోగ్రాఫిక్ అనే మాటలు చూడండి. ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటిదాంట్లో తొలి అక్షరం మీద, రెండోదాంట్లో రెండో అక్షరం మీద, మూడోదాంట్లో మూడో అక్షరం మీద పడుతుంది. మనం అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలికేస్తాం.

ఈ పాఠంలో అసలు లాభం ఇక్కడే ఉంది. ‘నా ఇంగ్లిష్ బాగోదు’ అనుకునే మనిషికి ఏది బాగోలేదో తెలియదు. తెలియదు కాబట్టి దిద్దుకోలేడు, ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఫొనెటిక్స్ చదివినవాడు ‘వి, డబ్ల్యూలను ఒకేలా పలుకుతున్నాను’ అంటాడు. అద్దం ముందు నిలబడి, మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకుతున్నాయో లేదో, రెండోదానికి పెదవులు గుండ్రంగా చుట్టుకుంటున్నాయో లేదో చూసుకుంటాడు. కొండంత న్యూనత చిన్న సాధనగా మారిపోతుంది. కోపమైనా, బద్ధకమైనా, సభాపిరికితనమైనా అంతే. ‘నేనింతే’ అని తీర్పు చెప్పుకుంటే మారలేం. ఎక్కడ, ఎప్పుడు తడబడుతున్నామో కనిపెడితే మారగలం.

ఒక్క జాగ్రత్త. దొర యాసను అరువు తెచ్చుకోవడం ఈ చదువు ఉద్దేశం కాదు. మాటలో తెలుగుదనం వినపడినా ఫర్వాలేదు, ఎదుటివాడికి స్పష్టంగా అర్థమైతే చాలు.

వారానికి ఒక ధ్వనిని తీసుకోండి. నిఘంటువు యాప్‌లో విని, మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినండి. తేడా చెవికి అందితే సగం పని అయినట్టే. మిగతా సగం నాలుకకు అలవాటు చేయడం, దానికి కావలసింది ఓపిక.