ట్రాక్టరు బ్రేకులు రెండును సమముగా పట్టవలెను

ట్రాక్టరు వెనుక చక్రములు రెండింటికిని వేరువేరు బ్రేకు పెడళ్ళుండును. చేలో మలుపు తిరుగునపుడు ఒక్క పెడలునే త్రొక్కుట సౌకర్యము. కాని రోడ్డెక్కునపుడు రెండు పెడళ్ళను గొళ్ళెముతో తప్పక కలుపవలెను. వేగముగా పోవునపుడు ఒక ప్రక్క బ్రేకు మాత్రమే పట్టినచో ట్రాక్టరు బోల్తాపడి ప్రాణములు పోవచ్చును.

పరీక్ష: ట్రాలీ తగిలింపక, చదునైన ఖాళీ నేలపై మెల్లగా నడుపుచు, కలిపిన పెడళ్ళను త్రొక్కుడు. ట్రాక్టరు ఎడమకు లాగినచో కుడి బ్రేకు సరిగా పట్టుట లేదని గ్రహింపవలెను.

సవరణ: ఇంజను ఆపి, చక్రములకు చెక్కదిమ్మలు పెట్టుడు. బ్రేకు పట్టుటకు ముందు పెడలు ఊరక దిగు దూరమును కొలువుడు. ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములోని కొలత ప్రకారము, రెండు ప్రక్కల సమముగా నుండునట్లు సరిచేయుడు.

లైనింగు మార్పు: లైనింగు అరిగినచో రెండు ప్రక్కలవి ఒకేసారి మార్చవలెను. ఒక ప్రక్క క్రొత్తది, రెండవ ప్రక్క పాతది ఉన్నచో పట్టు సమముగా నుండదు. ఆయిలు పీల్చిన లైనింగును కడిగి వాడరాదు. ఆయిలు కారుచున్న సీలును కూడ మార్పింపుడు. పాత లైనింగులలో ఊపిరితిత్తులకు హాని చేయు ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. కావున ఆ ధూళిని ఊదక తడిగుడ్డతో తుడువుడు. ఆయిలులో మునిగియుండు బ్రేకులను ఇంటివద్ద విప్పక మెకానిక్కునకు అప్పగించుట మేలు.

పని ముగిసిన పిమ్మట మరల పరీక్షించి, ఆ తరువాతనే ట్రాలీ తగిలింపుడు.