బాస్ గిటారు – మెట్ల లెక్క

మన పిల్లలు బాస్ గిటారు చేయుదుమని చెక్కయు తంత్రులును అడిగినచో, కాలహరణమని మనము త్రోసివేయరాదు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ విక్రయమునకు తెచ్చిన ఈ మంద్రస్వర వాద్యమునకు తంత్రులు నాలుగు. పైన తంత్రులానుకొను మేరువు మొదలు క్రింది గుర్రము వరకు 34 అంగుళములు, అనగా 864 మిల్లీమీటర్లు.

మెట్ల స్థానములకు లెక్క కలదు. ఈ పొడవును 17.817 చేత భాగింపగా 48.5 వచ్చును, మేరువునుండి అంత దూరమున మొదటి మెట్టు. మిగిలిన 815.5ను అట్లే భాగింపగా 45.8, అది మొదటి మెట్టునుండి రెండవదానికి దూరము. ఇట్లు చేయుచు పోగా 12వ మెట్టు సరిగా సగమున, 432 వద్ద పడవలెను. పడనిచో లెక్క తప్పినదని యెరుగవలెను.

బొబ్బిలి వీణకు 24 మెట్లను మైనముపై నిలిపెదరు, తప్పినను సవరింపవచ్చును. గిటారు మెట్టునకు పలకను కోయవలెను. కోత తప్పినచో పలకనే మార్చవలసివచ్చును. కావున రంపము పట్టుటకు ముందు పిల్లలచే కాగితముపై గీయింతము. మేరువు, గుర్రము, మెట్టు, బిరడ అను మాటలతోనే వారికి పని చెప్పుదము. బడిలో తమిళమును ఆంగ్లమును కూడ నేర్చు మన రాజపాళయపు బిడ్డలకు, చేతిపనితో కలిసి వచ్చిన తెలుగుమాట చిరకాలము నిలుచును.